ఖాళీ గడి

నా ప్రోగ్రాం ముఖ్యంగా చేసే పని ఒక్కటే. ఉద్యోగి యూజర్ నేమ్ ఇస్తే అకౌంటు వివరాలు తెచ్చి చూపించాలి: పూర్తి పేరు, గది, ఫోను, ఆపద వస్తే ఎవరికి కబురు చెయ్యాలో ఆ నంబరు. నాలుగు వందల పన్నెండు అకౌంట్లలో ఒక్కటి మొరాయించింది.

"ఎవడో మహానుభావుడు ఆపద నంబరు గడి ఖాళీగా వదిలేశాడు" అన్నాను పక్క సీటు మేడంతో. ఆవిడ పదకొండేళ్లుగా నా పక్కనే కూర్చుంటోంది.

"ఎవరో చూడండి, పాపం."

"పాపం లేదు, పాడూ లేదు. ఐదింటికల్లా నింపకపోతే అకౌంటు మూసుకుపోతుంది. ఆ రూలు పెట్టింది నేనే."

చూశాను. అది నాదే.

అందులో అమ్మ నంబరుండేది. ఆవిడ పోయాక ఆ నంబరు ఇంకెవరికో ఇచ్చారని తెలిసి, ఒళ్లు మండి నేనే చెరిపేశాను. ఆ తర్వాత రాయడానికి ఎవరూ తట్టలేదు.

నా నంబరే కొట్టాను. "మీ నంబరు మీరే ఇస్తే ఎలాగండీ?" అంది స్క్రీను. ఆ వెటకారం కూడా పొద్దున నేను రాసిందే. మేడం నంబరు అడుగుదామని అటు తిరిగాను. నంబరుతో పాటు పేరూ రాయాలి; ఆవిడ పూర్తి పేరేమిటో నాకు తెలియదు. ప్రోగ్రాంని అడిగితే చెబుతుంది, కానీ సిగ్గేసింది.

మిగిలింది చెల్లెలు. అమ్మ పోయిన వారానికే, ఆవిడ కుట్టుమిషను ఎవరికన్న దగ్గర మాటా మాటా పెరిగింది. మూడేళ్లుగా పలకరింపుల్లేవు. మిషను నాకే దక్కింది. కుట్టడం నాకు రాదు.

చెల్లెలి నంబరు నోటికొచ్చు. చిక్కల్లా ఒకటే. నంబరు ఎక్కించగానే, 'ఫలానా వారికి ఆపద వస్తే మీకు ఫోను చేస్తాం' అని అవతలివాళ్లకి ప్రోగ్రామే మెసేజ్ పంపేస్తుంది. ఏదైతే అదయింది అనుకుని ఐదుకి పది నిమిషాల ముందు కొట్టేశాను.

ఐదు దాటింది. మేడం బ్యాగు సర్దుకుని వెళ్లిపోయింది. ఫోను ఉలకలేదు, పలకలేదు. ఏడుపొచ్చింది నాకు. నా యూజర్ నేమ్ ఇచ్చి వివరాలు తెప్పించాను. బంధుత్వం: చెల్లెలు. ఇంకోసారి తెప్పించాను.

ఆరుంపావుకి మెసేజొచ్చింది.

"బాగానే ఉన్నావా అన్నయ్యా? మా ఆఫీసు ఫారంలోనూ ఆ గడి ఖాళీగానే ఉంది. నీ పేరు రాసుకోనా?"