తిని కూర్చున్నవి

"తిని కూర్చుంటున్నాయి వెధవలు!" అని ఆవిడ పదిహేడో నంబరు ఫ్లాస్కును పక్కకు నెట్టేసింది.

ఆవిడంటే ఆ ప్రయోగశాలకు పెద్ద. మూడేళ్లుగా ఒకటే పట్టు. మిథనాల్ అనే చవక ఆల్కహాలును తాగి, దాన్ని పిండిపదార్థంగా మార్చి ఒంట్లో దాచుకునే బాక్టీరియాను తయారుచెయ్యాలి. తాగుబోతులకు దాచుకునే బుద్ధి నేర్పడమన్నమాట, మాటలా! జన్యువుల్లో ఎక్కడ పడితే అక్కడ మార్పులు తగిలేలా చేసి నలభై ఫ్లాస్కుల్లో పెంచుతోంది. నెలాఖరుకు ఒక్కటైనా దాచి చూపించకపోతే గదికి తాళమే.

అక్కడో పద్ధతి ఉంది. ద్రవం తెల్లగా చిక్కబడితే బాక్టీరియా పెరిగినట్టు. అలా పెరిగినవాటికే అయోడిన్ పరీక్ష; ఒంట్లో పిండి దాచుకుని ఉంటే ఎర్రగోధుమ రంగుకు తిరుగుతాయి. పలచగా ఉన్నవి తిన్నగా ఆవిరి యంత్రంలోకి, చావుకి. పదిహేడోది చూస్తే నీళ్లలా తేటగా ఉంది.

గాజుసామాను కడిగే పిన్ని దాన్ని వెలుతురుకు ఎత్తి చూసింది. వరసకు ఎవరికీ ఏమీ కాదు, అందరికీ పిన్నే.

"అడుగున ఏదో మడ్డి కూర్చుందమ్మా. ఇంకో రోజు ఉండనీ."

"నీకెందుకు పిన్నీ ఈ పెత్తనం? గాజు కడుక్కో, చాలు."

పిన్ని మొహం చిన్నబుచ్చుకుని ఫ్లాస్కును ఆవిరి యంత్రం దగ్గరికి పట్టుకెళ్లింది.

మర్నాడు పొద్దున, ముందే బాక్టీరియా లేకుండా వడగట్టి ఉంచిన నమూనాల్లో ఆల్కహాలు ఎంత మిగిలిందో ఆవిడ కొలిచింది. పదిహేడులో చుక్క లేదు! పెరగలేదు గానీ అంతా తాగేసింది. మరి తాగిందంతా ఏమైనట్టు? పిన్ని చెప్పిన మడ్డి గుర్తొచ్చింది. పెరగడం మానేసి దాచుకుంది. బరువెక్కి అడుగున కూర్చుంది. మూడేళ్లుగా కోరుకున్నదీ అదే, నోరారా తిట్టిందీ అదే.

పరుగున వెళ్లేసరికి ఫ్లాస్కు ఆవిరిలో ఉడికి, చల్లారి, కడిగే తొట్టి పక్కన ఉంది. అయోడిన్ వేసింది. మడ్డి అంతా ముదురు ఎర్రగోధుమ రంగుకు తిరిగింది. దాచుకున్న పిండి దాచుకున్నట్టే ఉంది, దాచుకున్నవే చచ్చిపోయాయి. ఫ్రీజర్లో చిన్న గొట్టంలోనైనా కాస్త ప్రాణంతో ఉంచిందా అంటే అదీ లేదు. పనికిరానివాటికి చోటు దండగ అన్నది తనే. ఆ మార్పు దానికెలా తగిలిందో, మళ్లీ తగులుతుందో లేదో ఎవరికెరుక!

పిన్ని మాట విని ఉంటే? ఒక్క రోజు ఆగితే తన సొమ్మేం పోయేది? సిగ్గుతో ఆవిడ తలెత్తలేకపోయింది.

"కడిగెయ్యనా అమ్మా?" పిన్ని మెల్లగా అడిగింది.

ఆవిడ ఫ్లాస్కును రెండు చేతులా పట్టుకుంది.

"వద్దు పిన్నీ. ఇంకో రోజు ఉండనీ."