ముడి వేసేంత సేపు

కుడిచేతిలో తడిగుడ్డ. వైరు ఆ గుడ్డలోంచి జారి ఎడమ మోచేతికీ బొటనవేలికీ మధ్య చుట్టుకుంటోంది. ఒక్కో చుట్టకు లాల్‌సాబ్ మణికట్టును కాస్త తిప్పుతున్నాడు. అలా తిప్పకపోతే మళ్లీ విప్పేటప్పుడు వైరు మెలికపడుతుంది. నిన్న ఒక సంతాప సభకు పోయివచ్చిన వైరు అది. గుడ్డ నల్లబడింది.

హిందూపురం స్టేషన్ రోడ్డు వెనక సందులో ఆయన అంగడి. బోర్డు మీద ‘అల్తాఫ్ సౌండ్ సర్వీస్’ అని ఉంటుంది. అల్తాఫ్ ఆయన తమ్ముడు. ఇప్పుడు లేడు. ఒకప్పుడు ఎన్నికలు, నాటకాలు, పెళ్లిళ్లు అన్నీ ఈ అంగడి మైకుల మీదే నడిచేవి. ఇప్పుడు పెళ్లిళ్లకు డీజే బాక్సులు కావాలి. అవి లాల్‌సాబ్ కొనలేదు. ఆయన దగ్గరికి వచ్చేవి సంతాప సభలు, మసీదు ఆంప్లిఫయర్ రిపేర్లు, కూరగాయల ఆటోకు కట్టే చిన్న మైకులు.

చుట్టిన వైరును మేకుకు తగిలించి ఎదను అరచేత్తో రుద్దుకున్నాడు. టీ గ్లాసు పట్టుకుని వచ్చిన షంషాద్‌బీ చూసింది.

“ఈ పొద్దన్నా ఇంట్లో ఉండకూడదా? తెల్లవార్లూ కూచోనే ఉంటివి.”

“గ్యాసులే.”

“గ్యాసొస్తే సోడా తాగుతారు. ధర్మవరం పోరు.”

“సోడా ఆడ కూడా దొరుకుతాది.”

“నలభై ఏండ్ల నాటి పాటకు ఇంత తిరుగుడా? పెండ్లి చూపులకు కూడా నువ్వు ఒక్కతూరే వస్తివి.”

“ఒక్కతూరికే సరిపాయ కదా,” అన్నాడు లాల్‌సాబ్. టీ సగం తాగి గ్లాసు పక్కన పెట్టాడు. ఫోను చొక్కా జేబులో, హెడ్‌ఫోను చేతిసంచిలో వేసుకున్నాడు. హెడ్‌ఫోను పాతది, చెవులను మొత్తంగా కప్పేది. ఒకవైపు మెత్త చిరిగితే షంషాద్‌బీ పాత లంగా గుడ్డతో కుట్టి ఇచ్చింది.

ఎనభై ఆరులో అల్తాఫ్, పెనుకొండ శామ్యూల్ కలిసి ఒక క్యాసెట్ చేశారు. దాని పేరు ‘రాళ్ల ఎండ’. శామ్యూల్ చర్చిలో గిటారు నేర్చుకున్నవాడు. అల్తాఫ్ పెళ్లి బ్యాండులో డ్రమ్ము వాయించేవాడు. బెంగుళూరు నుంచి ఎవరో తెచ్చిన ఇంగ్లీషు రాక్ రికార్డులు విని, అలాంటివి తెలుగులో పాడాలనుకున్నారు. స్టూడియోకు పోయే స్తోమత లేదు. లాల్‌సాబ్ మైకులు ఇచ్చాడు, అద్దెకు టేపు రికార్డరు తెచ్చాడు, దానికి టేపు స్పూలు తనే కొన్నాడు. ధర్మవరంలో తెలిసినవాళ్ల ఖాళీ గది ఒకటి దొరికింది.

ఆ గది కిటికీ అవతల నారాయణప్ప మగ్గం. పెళ్లివాళ్లకు చీర ఇవ్వాలి, ఆపడం కుదరదని ఆయన అన్నాడు. మగ్గం చప్పుడు మైకుల్లోకి వచ్చింది. ఆ చప్పుడు దాటి వాయించలేక అల్తాఫ్ దాన్నే తాళంగా పట్టుకున్నాడు. కిటికీలోంచి మగ్గాన్ని చూస్తూ వాయించాడు. నాలుగో పాట మధ్యలో పోగు తెగి మగ్గం ఆగింది. అల్తాఫ్ చేతులు ఆగాయి. శామ్యూల్ గిటారు ఆగింది. టేపు మాత్రం తిరుగుతూనే ఉంది. నారాయణప్ప పోగు ముడివేసి మళ్లీ మొదలుపెట్టాడు. ఆ వెంటనే అల్తాఫ్ అందుకున్నాడు. శామ్యూల్ గొంతు కాస్త వెనకపడి వచ్చింది. మరోసారి రికార్డు చేద్దామంటే టేపు మిగల్లేదు.

హిందూపురంలో ఆ క్యాసెట్ ఎవరూ అడగలేదు. బెంగుళూరు కాలేజీల్లో మాత్రం చేతులు మారుతూ బతికింది. నాలుగో పాట మధ్యలో వచ్చే ఆ నిశ్శబ్దం గురించి వ్యాసాలు రాశారు. పాట నడుమ పాటనే ఆపేసే ధైర్యం ఎవరికి ఉంటుందని ఒకాయన అడిగాడు. అది చదివినప్పుడు లాల్‌సాబ్ నవ్వాడు. కామెర్లతో పోయిన అల్తాఫ్ ఆ వ్యాసాలేవీ చూడలేదు.

ఇప్పుడు పాత రాక్ ఆల్బమ్‌లకు నలభయ్యో ఏడనీ యాభయ్యో ఏడనీ కొత్త రికార్డులు వేస్తున్నారు. మిక్సింగ్ కూడా మళ్లీ చేస్తున్నారు. బెంగుళూరు కంపెనీ ఒకటి ‘రాళ్ల ఎండ’ను పెద్ద రికార్డుగా వేస్తామంది. భాగ్యశ్రీ అనే అమ్మాయి ఆ పని చూస్తోంది. ఆమె ఫోనుకు రెండు రకాలు పంపింది. ఒకటి పాతదాన్నే శుభ్రం చేసింది. రెండోదానిలో కంప్యూటరు గొంతును, గిటారును, డ్రమ్మును, మగ్గాన్ని విడివిడిగా తీసి, మగ్గాన్ని పక్కన పెట్టేసింది. ఆగిన చోట ఆ పాటలోనే వేరే దగ్గర అల్తాఫ్ వాయించిన ముక్క తెచ్చి అతికించింది.

రికార్డు మీద పడేది ఒక్కటే. స్పూలు లాల్‌సాబ్‌ది కాబట్టి ఆయన మాటే ఆఖరిది. సాయంత్రంలోగా చెప్పాలి. రేపు అచ్చుకు పోతుంది.

కొత్తది వింటే అల్తాఫ్ కాలు పెడలు మీద పడడం కూడా వినిపిస్తుంది. ఇన్నేళ్లలో తమ్ముడి వాయింపు లాల్‌సాబ్‌కు ఇంత దగ్గరగా వినబడలేదు. కానీ అతుకు దగ్గర, అల్తాఫ్ చేతులు ఆగిన చోట, వాయిస్తున్నది అల్తాఫ్ కాదు. పాతదాంట్లో అంతా అల్తాఫే, మగ్గం కింద నలిగి ఉంటాడు. రెండూ వింటూనే తెల్లవారింది. నారాయణప్పకు కూడా వినిపిద్దామని ధర్మవరం బయల్దేరాడు.

ప్యాసింజరు పెనుకొండలో ఎక్స్‌ప్రెస్ కోసం ఆగింది. అది ఆగుతుందనీ, అందులో లాల్‌సాబ్ వస్తున్నాడనీ శామ్యూల్‌కు తెలుసు. ప్లాట్‌ఫారం మీద కిటికీ దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. తల పూర్తిగా నెరిసింది. బడి బంట్రోతుగా రిటైరైనా ఆదివారం చర్చిలో పాటలు అతనే పాడిస్తాడు.

“ఏం లాలన్నా, మొగం అట్లుండాదేం?”

“ఎండ.”

“మన క్యాసెట్టు పేరే చెప్తాండావే.”

ఇద్దరూ నవ్వారు. లాల్‌సాబ్ చెమట తుడుచుకున్నాడు.

“కొత్తదే పంపమను,” అన్నాడు శామ్యూల్. “నా మనవరాలు పాతది వినింది. తాతా, నెట్ పోయిందా అంటాది. నెట్ కాదే తల్లీ, నారాయణప్ప దారం అని యాడ చెప్పేది?”

“జనం దాన్నే మెచ్చుకుంటాండారు కదప్పా.”

“వాళ్లకేం, వినేటోళ్లు. ఆడ నేను వెనకబడినా. నీ మొగం చూస్తాంటి, టేపు ఆపుతావేమోనని. నువ్వేమో చెయ్యి ఊపితివి. ఆపమంటివో పాడమంటివో నాకు ఈ పొద్దుటికీ తెల్లేదు.”

“నాకూ తెల్లేదులే.”

“కొత్తదాంట్లో నా గొంతు టయానికి వస్తాది. ఒక్కతూరన్నా సరిగా పాడినానని ఉండనీ అన్నా. ఇంక నేనేం పాడేది, దేవుని పాటలు తప్ప.”

ఎక్స్‌ప్రెస్ దడదడమంటూ పోయింది. ప్యాసింజరు కదిలింది. శామ్యూల్ కిటికీ చువ్వ పట్టుకుని నాలుగడుగులు నడిచాడు.

“సాయంత్రం బండికి ఈడ్నే ఉంటా. ఏమని చెప్పినావో చెప్పి పో.”

ధర్మవరం స్టేషన్ మెట్ల మీద లాల్‌సాబ్ రెండుసార్లు ఆగాడు. ఒక సోడా తాగాడు. త్రేన్పు రాలేదు. ఆటో ఎక్కి నేసేవాళ్ల వీధి పేరు చెప్పాడు.

వీధి నిండా పవర్‌లూమ్‌ల మోత. ఇంటి ముందు నిలబడి పిలిస్తే లోపలికి వినపడదు. లాల్‌సాబ్ తలుపు తోసుకుని పోయాడు. నారాయణప్ప గోడకు చేరగిలబడి కూర్చున్నాడు. ఆయన భార్య జయమ్మ చెరుగుతున్న బియ్యం పక్కన పెట్టి లేచింది. గుంట మగ్గం ఉన్నచోట ఇప్పుడు నాపరాళ్లు పరిచి ఉన్నాయి. వాటి మీద ఫ్రిజ్ ఉంది.

“ఎవురు? మైకు లాల్‌సాబా?” అంది జయమ్మ. “మా మగ్గం ఆపమని బతిమాలిన మైకు లాల్‌సాబా?”

“నేనే వదినా.”

“ఇప్పుడొస్తివే. ఆపేసి ఎన్నేండ్లాయనో.”

నారాయణప్పకు ఆ మాట వినబడలేదు. లాల్‌సాబ్ ఆయన పక్కన కూర్చుని విషయం చెప్పాడు. చెవి దగ్గర గట్టిగా, రెండోసారి. నారాయణప్ప విని తల ఊపాడు.

“నాకేం తెలుసప్పా పాటల సంగతి? పోగు తెగింది, ముడేస్తి. మీది మీరు చేసుకోండి.”

“విని చెప్పన్నా. ఊరికే విను.”

హెడ్‌ఫోను ఆయన తలకు పెట్టి, శబ్దం పూర్తిగా పెంచి, నాలుగో పాట ముందు కొత్తది వినిపించాడు. నారాయణప్ప కళ్లు మూసుకోలేదు. ఎదుట ఫ్రిజ్‌ను చూస్తూ విన్నాడు. పాట నడిచింది, అతుకు దాటింది, అయిపోయింది.

“బాగుండాది,” అన్నాడు. “మగ్గం యాడికి పాయ?”

“తీసేసినారు.”

“ఓహో.”

లాల్‌సాబ్ పాతది పెట్టాడు. కొంతసేపు ఏమీ జరగలేదు. తర్వాత నారాయణప్ప కుడికాలు నేలమీద చిన్నగా నొక్కుకుంది. ఆ వెంటనే ఎడమకాలు. మళ్లీ కుడికాలు. ఆయన కాళ్ల వైపు చూసుకోవడం లేదు. జయమ్మ చూసింది. దగ్గరికి వచ్చి నిలబడింది.

హెడ్‌ఫోను అంచుల నుంచి పాట సన్నగా బయటికి వస్తోంది. ఆగే చోటు దగ్గరపడిందని లాల్‌సాబ్‌కు తెలుసు. నిశ్శబ్దం వచ్చింది. నారాయణప్ప కాళ్లు ఆగిపోయాయి. కుడిచెయ్యి ముందుకు పోయి గాలిలో ఏదో అందుకుంది. ఎడమచెయ్యి దానికి ఎదురొచ్చింది. రెండు చేతుల బొటనవేళ్లు, చూపుడువేళ్లు కలిసి మెలివేసి, లాగి, వదిలాయి. చెయ్యి వెనక్కి వచ్చింది. కాలు నొక్కింది. అదే క్షణాన హెడ్‌ఫోనులో అల్తాఫ్ డ్రమ్ము మొదలైంది.

“అంచు నాడె నేనే వేస్తాంటి,” అంది జయమ్మ, పోగు చుట్టిన నాడెను మగ్గంలో అడ్డంగా తోసినట్టు చెయ్యి ఆడిస్తూ. “ఈయప్ప ముడేసేదాకా అవతల పక్క నాడె పట్టుకొని కూచోని ఉంటి. కిటికీలో మీ తమ్ముడు. కట్టెలు పైకెత్తి, దించకుండా అట్లే ఉన్నాడు. బొమ్మ మాదిరి. నాకు నవ్వొస్తాంది, నవ్వితే నాడె జారుతాది.”

“నవ్వినావా?”

“నవ్వలేదప్పా. పెండ్లి చీర అది.”

ఆమె అన్నం తిని పొమ్మంది. ఆకలి లేదన్నాడు. మజ్జిగ ఇచ్చింది. తాగాడు. నారాయణప్ప హెడ్‌ఫోను తీసి రెండు చేతులతో తిరిగి ఇచ్చాడు.

“మగ్గం మాదేనా అది?”

“మీదే.”

“అట్లనా,” అని ఆయన గోడకు చేరగిలబడ్డాడు.

స్టేషన్‌లో బెంచీ మీద కూర్చుని లాల్‌సాబ్ భాగ్యశ్రీకి ఫోను చేశాడు.

“పాతదే వెయ్యమ్మా.”

“సరే సార్. మగ్గం కొంచెం తగ్గించమంటారా? ఆ గ్యాప్ కూడా సగం చేయొచ్చు. వినేవాళ్లకు తెలియదు.”

“వద్దు. ఆయన ముడేసుకోవల్ల.”

“ఎవరు సార్?”

“నారాయణప్ప. మీరు పేర్లు వేస్తారు కదా అట్ట మీద. మగ్గం, నారాయణప్ప, జయమ్మ అని వెయ్యండి. ఇద్దరిదీ వెయ్యండి. అట్లే శామ్యూల్‌కు నువ్వొక మాట చెప్పు. ఆయప్ప వెనకబడింది నేను చెయ్యి ఊపినందుకని.”

“మీరే చెప్పొచ్చు కదా సార్.”

“చెప్తాలే. పెనుకొండలో ఉంటాడు.”

సాయంత్రం బండిలో జనం తక్కువ. లాల్‌సాబ్ పడమటి వైపు కిటికీ దగ్గర కూర్చున్నాడు. చేతిసంచి ఒళ్లో పెట్టుకున్నాడు. ఎడమ భుజం లాగుతోంటే దాన్ని కిటికీ అంచుకు ఆనించాడు. పొద్దున చుట్టిన వైరు గుర్తొచ్చింది. రెండో చివర పిన్ను వదులైంది, రేపు అంటించాలి. హెడ్‌ఫోను పెట్టుకుని పాతది మొదటి నుంచి పెట్టాడు. పాటలు అయిపోతే మళ్లీ మొదటికి వచ్చేలా ఫోనులో ఉంటుంది. ఎప్పుడూ మార్చలేదు. రాళ్ల గుట్టలు, వేరుశనగ చేలు వెనక్కి పోతున్నాయి. కిటికీలోంచి ఎండ ఆయన మోకాళ్ల మీద పడుతోంది.

పెనుకొండ ప్లాట్‌ఫారం మీద శామ్యూల్ బండి వెంట నడుస్తూ ఒక్కో కిటికీలోకి చూశాడు. లాల్‌సాబ్ కనిపించాడు. తల పక్కకు వాలి ఉంది.

“లాలన్నా! ఏమని చెప్తివి?”

జవాబు లేదు. హెడ్‌ఫోనులో వినబడలేదనుకున్నాడు. పెట్టె ఎక్కి భుజం తట్టాడు. మళ్లీ తట్టాడు. ఎదురు సీటులో కూర్చున్న ఆమె “మకాజిపల్లి కాడి నుంచి నిద్రపోతాండాడు, లేపలేదు,” అంది.

బండిని కొంతసేపు ఆపారు. నలుగురు సాయం పట్టి దించారు. స్టేషన్‌లో ఉన్నవాళ్లు ఒక బల్ల చూపించారు. ఎవరో ఆంబులెన్సుకు ఫోను చేశారు. అది వచ్చింది. అందులోంచి దిగినతను చెయ్యి పట్టి చూసి, శామ్యూల్ వైపు తిరిగి తల అడ్డంగా ఊపాడు. శామ్యూల్ షంషాద్‌బీకి ఫోను చేశాడు. ఆమె “సోడా తాగినాడా?” అని అడిగింది. “తాగినాడంటమ్మా,” అన్నాడు. తర్వాత మిగతాది చెప్పాడు.

బండి హిందూపురం వైపు పోయింది. లాల్‌సాబ్ సామాను స్టేషన్ టేబులు మీద పెట్టారు. చేతిసంచి, ఫోను, దానికి వైరుతో హెడ్‌ఫోను. ఫోను ఎవరూ ఆపలేదు. హెడ్‌ఫోను వెల్లకిలా పడి ఉంది. ఒక మెత్త నల్లది, ఒకటి లంగా గుడ్డది. రెండింటిలోంచీ శామ్యూల్ గొంతు సన్నగా వస్తోంది. కింద మగ్గం, మగ్గంతో పాటు అల్తాఫ్.

పాట ఆగింది.

“చార్జింగు అయిపోయినట్టుండాది,” అన్నాడు టేబులు దగ్గరి మనిషి, ఫోను వైపు చెయ్యి చాపుతూ.

“ఉండప్పా,” అన్నాడు శామ్యూల్. “ముట్టుకోవద్దు.”

ముడి వేసేంత సేపు హెడ్‌ఫోను టేబులు మీద చప్పుడు లేకుండా ఉంది. తర్వాత మగ్గం మొదలైంది.