రూతమ్మ ఉగ్గుగిన్నె

బుడమేరు వాగు పొంగి మా ఇళ్ళ మీద పడిన ఏడు ఇది జరిగింది. నేను ఒక ఇత్తడి ఉగ్గుగిన్నెను. ఓ కంచరి నన్ను సాగగొట్టి, అంచున చిన్న ముక్కు తీశాడు. రూతమ్మ తన కొడుకు ఇస్సాకుకు నాతోనే ఉగ్గు పోసింది. పోసే ముందు ప్రతిసారీ సలసల కాగే నీళ్ళలో ముంచేది. పసిబిడ్డ దగ్గర ఉండే ఆ శుభ్రం మనుషులు పెద్దయ్యాక ఎటు పోతుందో నాకు తెలియదు.

వరద తీశాక రూతమ్మ బురదలో సామాను ఏరుకుంది. నేను కొట్టుకుపోయాననుకుంది. నన్ను ఇస్సాకు జేబులో వేసుకున్నాడు.

అతనూ, అతని జతగాడు సైదులూ మార్కెట్లో మూటలు మోసేవారు. పని అయ్యాక రైల్వే గోడ వెనక మత్తుసూది వేసుకునేవారు.

"ఎవడి సూది వాడిదేరా. నాది ముట్టావో, చెయ్యి విరుస్తా," అనేవాడు ఇస్సాకు.

"నీ సూదికేమన్నా బంగారం తాపడమా అన్నా?"

సూదులు వేరే. మందు కలిపింది మాత్రం నాలోనే. ఇద్దరూ ముంచిందీ నాలోనే. కంటికి ఆనని నెత్తురు ఒకడి నుంచి ఇంకొకడికి నా అడుగు నుంచే పోయింది. నాకు నోరు లేదు.

కొత్త సూదులిచ్చే సెంటరులో పరీక్ష చేస్తే ఇస్సాకుకు హెపటైటిస్ సి తేలింది. అక్కడ పనిచేసే సలోమి అడిగింది. "సూదులు వేరే, సరే. గిన్నో?"

ఇస్సాకు జేబులో ఉన్న నా మీద చెయ్యి వేసుకున్నాడు.

"మాత్రలకి నయమవుద్ది తమ్ముడూ. నీతో కూర్చునేవోణ్ణి కూడా తీసుకురా."

ఏ మొహం పెట్టుకుని చెప్పాలో తెలియక, సైదులు దగ్గరికి పోకుండా ఇంటికొచ్చి పడుకున్నాడు. చొక్కా ఉతకబోయిన రూతమ్మకు నేను దొరికాను. ఇంట్లో పురిటికొచ్చిన కూతురు, పసిబిడ్డ. ఆమె మురిసిపోయి నన్ను కాగే నీళ్ళలో వేసింది. ఎన్నేళ్ళకో ఆ వేడి! బిడ్డ పెదాల దాకా వెళ్ళాను.

ఇస్సాకు లేచి లాక్కున్నాడు. "వద్దమ్మా! ఇందులో నా జబ్బుంది. సైదులుగాడికీ ఇందులోంచే అంటించుంటా."

రూతమ్మ కొంగుతో బిడ్డ మూతి తుడిచింది.

"ఆడికి చెప్పావా?"

అతను తల అడ్డంగా ఊపాడు.

తెల్లారాక నన్ను రైల్వే గోడ దగ్గరికి తీసుకుపోయి రాయితో చితక్కొట్టాడు. ఆ చప్పుడుకు అక్కడే పడుకున్న సైదులు లేచాడు.

"పొద్దున్నే ఏం దంచుతున్నావన్నా?"

"లే. సెంటరుకి పోదాం. దార్లో చెప్తా."

దారి దాకా ఆగలేదు. చొట్టలు పడిన నన్ను మధ్యలో పెట్టి, అక్కడే కూర్చుని, అంతా చెప్పాడు.