నవ్వులపాలైన ప్రార్థన

ఆ ఇంట్లో తెల్లవారిందని చెప్పడానికి గడియారం అక్కర్లేదు. అమ్మ ప్రార్థన మొదలైతే చాలు, గోడ అవతలివాళ్ళు కూడా దుప్పటి తన్ని లేచి కూర్చునేవాళ్ళు. ఆవిడకు ఎడమ చెవి చిన్నప్పుడే పోయింది. తనకు వినపడనిది ఎదుటివాళ్ళకూ వినపడదేమోనని ఆవిడ అనుమానం. ఆ ఎదుటివాళ్ళలో దేవుణ్ణి కూడా కలిపేసింది. వంటగదిలో స్టూలు మీద కూర్చుని, వీధి చివర పోతున్న మనిషిని కేకేసినట్టు ప్రార్థన చేసేది.

"గ్యాసు అయిపోవచ్చింది ప్రభువా. మోకాళ్ళు కలుక్కుమంటున్నాయి. వార్డులో కిటికీ పక్క మంచం ముసలాయన నిన్నంతా మూలుగుతూనే ఉన్నాడు, ఆయన్ని కాస్త చూసుకో. మా పిల్ల గొంతు జాగ్రత్త, దానికి కూడు పెట్టేది అదే. వింటున్నావా తండ్రీ?"

నాలుగు మాటలకోసారి ముక్కు ఎగబీల్చి, "వింటున్నావా తండ్రీ?" అని చివర్లో ఓ దీర్ఘం తీసేది.

"దేవుడికి చెవుడు లేదమ్మా!" అని కూతురు పక్కమీంచే అరిచేది.

"నీకెలా తెలుసే? ఈ మధ్య ఆయనతో ఏమన్నా మాట్లాడావా?" అనేది అమ్మ.

ఆవిడ ఆస్పత్రిలో ఆయా. పక్కలు మార్చడం, ఒళ్ళు తుడవడం, బెడ్‌పాన్లు కడగడం ఆవిడ పని. వాటికి తోడు ఎవరూ చెప్పని పని ఇంకోటి ఉండేది. ఆపరేషనుకు తీసుకెళ్ళే ముందు రోగులు ఆవిడ చెయ్యి పట్టుకుని, "ఓ ముక్క ప్రార్థన చెయ్యమ్మా" అనేవారు. ఏ దేవుణ్ణి కొలిచేవాళ్ళయినా సరే, ఆ వేళకు ఆవిడే కావాలి. ఆ గొంతు లేస్తే వార్డంతా సద్దుమణిగేది.

కూతురిని పనిచేసే చోట చిలక అంటారు. ఎవరి గొంతయినా ఒకసారి వింటే దింపేస్తుంది. ఫోన్లలో వచ్చే ఓ హాస్యపు షోలో చిలక పేరుతోనే రకరకాల గొంతులతో మాట్లాడటమే ఆమె ఉద్యోగం. ఆదివారం చర్చిలో పాటల జట్టులో నిలబడేది. చర్చి మాట స్టూడియోలో ఎత్తేది కాదు, స్టూడియో మాట చర్చిలో ఎత్తేది కాదు. స్టూడియోలో అన్నం ముందు కళ్ళు మూసుకోవాలనిపిస్తే, నలుసు పడ్డట్టు కళ్ళు నలుపుకుంటూ లోపల రెండు మాటలు అనుకునేది. ఎవరైనా చూస్తే, "ఏసీ గాలి పడట్లేదు" అనేది.

ఆ షో చూసేవాళ్ళు తగ్గిపోతున్న రోజులవి. షో నడిపే ఆయన ముఖం మాడ్చుకుని, "పాచిపోయిన గొంతులతో ఎన్నాళ్ళు ఈడుస్తాం? కొత్త మనిషిని పట్టండి!" అని అందరి మీదా ఎగిరాడు. అందరూ టీ గ్లాసుల్లోకి చూస్తూ కూర్చున్నారు. అప్పుడే టీ కాస్తా చిలక ఒళ్ళో ఒలికింది. ఎందుకలా వచ్చిందో ఆమెకే తెలియదు. ముక్కు ఎగబీల్చి, "టీ ఒలికింది ప్రభువా! మరక పోయేటట్టు లేదు. వింటున్నావా తండ్రీ?" అంది.

గది గొల్లుమంది. కెమెరా అతను కుర్చీ మీంచి జారి కింద కూర్చున్నాడు. షో నడిపే ఆయన కళ్ళు తుడుచుకుంటూ, "ఎవరామె? ఎక్కడ పట్టావు?" అన్నాడు.

"మా..." అంది చిలక. అందరూ తనవైపే చూస్తున్నారు. అంతమంది అంతలా నవ్వి ఎన్నాళ్ళయిందో. "మా వీధిలో ఒకావిడ," అంది.

ఆ మాట వెంటనే వెనక్కి తీసుకుందామనుకుంది. కానీ అప్పటికే పక్కనున్నవాళ్ళు భుజం తడుతున్నారు.

అలా పుట్టింది ప్రార్థనమ్మ. తలమీద కొంగు, ముక్కుమీద జారే కళ్ళద్దాలు, ఊడిపోయిన బొత్తాం దగ్గర్నుంచి రాని బస్సు దాకా అన్నీ దేవుడికి ఫిర్యాదు చేసే ఆడమనిషి. నెల తిరక్కుండానే ఆ మాట ఊరంతా పాకింది. బస్సు ఆలస్యమైతే కాలేజీ పిల్లలు కోరస్‌గా, "వింటున్నావా తండ్రీ?" అనేవాళ్ళు. దాన్ని ఫోను రింగ్‌టోనుగా పెట్టుకున్నవాళ్ళూ ఉన్నారు. చర్చిలో యువకుల సంఘం నాయకుడు కూడా మెట్ల దగ్గర ఆపి, "అదరగొడుతున్నావక్కా! మనవాళ్ళని చూసి మనమే కాస్త నవ్వుకోకపోతే ఎలా?" అన్నాడు. నిజమే కదా, దేవుడేమన్నా నవ్వొద్దన్నాడా అని చిలక తనకు తాను సర్దిచెప్పుకుంది. అమ్మ దగ్గర ఉన్నది మాటలు తప్ప బొమ్మలు రాని పాత ఫోను. ఆవిడకు తెలిసే దారి లేదు. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు ఆమె రోజులు అలా వెళ్ళిపోతున్నాయి.

ఒకరోజు పొద్దెక్కాక మెలకువ వచ్చింది. ఇంట్లో చప్పుడు లేదు. లేచి వంటగదిలోకి పరిగెత్తింది. అమ్మ స్టూలు మీదే ఉంది. తల వంచుకుని ఉంది. పెదాలు కదులుతున్నాయి గానీ మాట బయటకు రావడం లేదు.

"గొంతు బాగాలేదా అమ్మా?"

"బాగానే ఉంది. నీ నిద్ర చెడగొట్టడం ఎందుకని."

ఇన్నేళ్ళలో ఎన్నడూ రాని ఆలోచన ఇప్పుడెందుకు వచ్చిందో చిలక అడగలేదు. అడిగితే ఏం వినాల్సి వస్తుందోనని భయపడింది.

ఆ వారంలోనే అమ్మ కళ్ళజోడు ఇంట్లో మర్చిపోయి డ్యూటీకి వెళ్ళింది. అది ఇవ్వడానికి చిలక ఆస్పత్రికి వెళ్ళింది. వార్డు గుమ్మం దగ్గరే ఆగిపోయింది. లోపల ఒక పెద్దావిణ్ణి ఆపరేషనుకు తీసుకెళ్ళడానికి చక్రాల మంచం సిద్ధంగా ఉంది. ఆవిడ అమ్మ చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"భయమేస్తోందమ్మా. నువ్వు ప్రార్థన చేస్తావటగా. ఓ ముక్క చెయ్యవూ?"

అమ్మ చుట్టూ చూసింది. పక్క మంచం రోగికి తోడుగా ఇద్దరు కుర్రాళ్ళు కూర్చుని ఉన్నారు. ఒకడు రెండోవాడి డొక్కలో పొడిచి ఫోను పైకెత్తాడు. రెండోవాడు ముక్కు ఎగబీల్చి, "వింటున్నావా తండ్రీ?" అని కిసుక్కుమన్నాడు.

అమ్మ నోరు తెరిచింది. మళ్ళీ మూసుకుంది. ఆ పెద్దావిడ దుప్పటి గడ్డం దాకా లాగి, అంచులు ఇటూ అటూ దోపి, చెయ్యి ఒకసారి నొక్కి వదిలేసింది. మంచం కదిలింది. పెద్దావిడ తలతిప్పి అమ్మనే చూస్తూ వెళ్ళిపోయింది.

చిలక వెనక్కి తిరిగి పోదామనుకుంది. అంతలో ఆ కుర్రాడు ఆమెను చూడనే చూశాడు.

"మీరు చిలక కదూ! ఒరే, ప్రార్థనమ్మరా! ఒక్కసారి ఆ గొంతు చెయ్యండి మేడం, ప్లీజ్!"

అమ్మ ఇటు తిరిగింది. చేతిలో బెడ్‌పాను. తల్లీకూతుళ్ళ మధ్య నాలుగడుగుల నేల తప్ప ఏమీ లేదు. ఈవిడ మా అమ్మ అంటే సరిపోయేది. ఎన్నో గొంతులు పలికిన చిలక నోట్లోంచి ఆ ఒక్క మాటా రాలేదు. పైగా ఆమె ముఖం తనకు తెలియకుండానే అభిమానుల కోసం దాచుకున్న నవ్వు నవ్వింది.

"ఇది ఆస్పత్రి బాబూ. ఇక్కడ అరవకూడదు," అంది అమ్మ మెల్లగా. ఏ పరాయి మనిషి దగ్గరో తీసుకున్నట్టు కూతురి చేతిలోంచి కళ్ళజోడు తీసుకుని, "థాంక్సమ్మా" అని కడిగే గదిలోకి వెళ్ళిపోయింది. కూతురి పరువు పోకూడదని ఆవిడే ముందుగా పరాయిదైపోయింది.

చిలకకు నేల చీలితే బాగుండుననిపించింది.

సాయంత్రం అమ్మ ఇంటికొచ్చి కాళ్ళు చాపుకుని కూర్చున్నాక, చిలక ఆవిడ కుడిచెవి వైపు నేలమీద కూర్చుంది.

"నీకు ఎప్పుడు తెలిసిందమ్మా?"

"మొదట్లోనే. నర్సమ్మ తన ఫోన్లో చూపించింది. నేను కూడా నవ్వాను ముందు." అమ్మ పాదాలు నొక్కుకుంది. "తర్వాత ఎక్కడో విన్నట్టుందే అనుకున్నాను. నేనంత వికారంగా అరుస్తానని నాకు తెలీదే. ఇన్నేళ్ళలో ఒక్కరన్నా చెప్పలేదు."

"వికారం కాదమ్మా..."

"నిన్ననడం లేదు. నువ్వు బాగానే చేశావు. నోరు తెరిస్తే ఇప్పుడు నా మాట నాకే నాటకంలా ఉంటోంది. దేవుడి దగ్గర కూడా వేషమేసుకుని నిలబడ్డట్టు సిగ్గేస్తోంది."

తిట్టినా బాగుండేది. చెంప పగలగొట్టినా బాగుండేది. సిగ్గు పడాల్సింది ఒకరు, పడుతున్నది ఇంకొకరు. చిలక అమ్మ మోకాలి మీద తల పెట్టుకుని ఏడ్చింది. అమ్మ తల నిమిరింది గానీ, పోనీలే అనలేదు.

మర్నాడు స్టూడియోలో అందరి ముందూ చెప్పింది. "ప్రార్థనమ్మ మా వీధిలో ఆవిడ కాదు. మా అమ్మ. నేనిక చెయ్యను. ఇంకెవరూ చెయ్యకండి, మీకు దణ్ణం పెడతాను."

షో నడిపే ఆయన ఉత్సాహంగా ముందుకు వంగాడు. "అసలు మనిషే ఉందన్నమాట! ఓసారి షోకి తీసుకురారాదూ?"

"సార్, ఆవిడ ప్రార్థన మానేసింది."

"నీ బాధ అర్థమైంది. కానీ అది ఇప్పుడు నీ ఒక్కదాని చేతిలో ఉందా? కుంకుడుకాయ నురగని మళ్ళీ కాయలో పెట్టమంటే ఎలా?"

అన్నట్టే, చిలక అక్కడ మానేసిన వారానికే ఇంకో అమ్మాయి ప్రార్థనమ్మ అయింది. అంత బాగా చెయ్యలేదు. అయినా జనం నవ్వారు.

ఆ తర్వాత చిలక చెవి పరీక్షలు చేసే ఓ చిన్న క్లినిక్కులో పనికి కుదిరింది. పని లేని పూటల్లో అమ్మతో పాటు వార్డుకు వెళ్ళి, ఉతికిన దుప్పట్లు మోయడం మొదలుపెట్టింది. అమ్మ వద్దనలేదు, రమ్మనీ అనలేదు.

అలా వెళ్ళిన ఒక మధ్యాహ్నం, గుమ్మం పక్క మంచం మీది ఒక టీచరమ్మ అమ్మ కొంగు పట్టుకుంది. "నన్ను తీసుకెళ్తున్నారు. ప్రార్థన చెయ్యరా?"

అమ్మ తల అడ్డంగా ఊపి, కూతురి వైపు చూపించింది. "అది చేస్తుంది."

దుప్పట్లు పట్టుకుని చిలక నిలబడిపోయింది. వార్డులో ముఖాలన్నీ ఇటు తిరిగాయి. ఎవరో గుర్తుపట్టి గుసగుసలాడారు. అయినా దుప్పట్లు కింద పెట్టి ఆ టీచరమ్మ చెయ్యి పట్టుకుంది. ఎవరి గొంతుతో మొదలుపెట్టాలో తెలియలేదు. బయటికి వచ్చింది పీలగా, వణుకుతూ, ఎవరికీ పనికిరాని గొంతు. నవ్వొచ్చేంత బాగా కూడా లేదు. "ప్రభువా, ఈవిడకి తోడుగా ఉండు. మోకాలు బాగవ్వాలి. డాక్టరుగారి చెయ్యి వణక్కుండా చూడు. నాకు... నాకు మాట రావడం లేదు. ఆమేన్."

టీచరమ్మ కళ్ళు తెరిచి తల ఊపింది. మంచం వెళ్ళిపోయింది. మూల నుంచి ఒక నవ్వు వినిపించింది. చిలక తలెత్తలేదు.

అమ్మ వరండాలో దుప్పట్ల బండి తోసుకుంటూ నడిచింది. మలుపు దగ్గర ఆగి, గొంతు తగ్గించి అంది:

"ఆవిడది మోకాలు కాదే, తుంటి. కాస్త అడిగి తెలుసుకోవాలి. రేపొచ్చి సరిగ్గా చెయ్యి."

"అలాగే అమ్మా," అంది చిలక తల దించుకునే, బండికి ఓ చెయ్యి వేసి.