మసక అద్దం మీద నీడ

"వంటింటి తలుపు వెయ్యమని ఎన్నిసార్లు చెప్పాలి? నా చొక్కాలన్నీ వేయించిన వాసనే!" అన్నాడు భర్త.

"చొక్కాలు తీసి లోపల పెట్టుకోండి. తలుపు మాత్రం వెయ్యను."

"తలుపుతో నీకేం పగ?"

"పగా లేదు, పాడూ లేదు. వేస్తే నాకు ఊపిరాడదు."

కూరగాయలు తరుగుతున్న అత్తగారు తలెత్తలేదు. "ఉద్యోగంలో చేరిన దగ్గర్నుంచీ ఇదే వరస. స్నానాల గది తలుపైనా వేసుకుంటోంది, అదే పదివేలు."

నవ్వాల్సిన మాటే. ఆమెకి నవ్వు రాలేదు.

కాలేజీలో ఆమె కొత్త లెక్చరరు. కొత్తవాళ్లకి ఎప్పుడూ ఇచ్చేదే ఇచ్చారు: వరండా చివరి గది, భోజనాల తర్వాతి పీరియడు, కిక్కిరిసిన క్లాసు. గది తలుపుకి పై సగం మసక అద్దం. ఆ కాలేజీలో ఒకరి క్లాసులో మరొకరు అడుగుపెట్టరు. పెడితే తప్పులు పట్టడానికి వచ్చినట్టే. తలుపేసుకుని ఎవరి తిప్పలు వాళ్లు పడాలి. అదే మర్యాద.

మొదటి రోజునుంచీ ఆ అద్దం మీద నీడ. బోర్డు మీద లెక్క రాసి ఇటు తిరిగేసరికి ఒక తల, రెండు భుజాలు, కదలకుండా. గబుక్కున తలుపు తీస్తే వరండా ఖాళీ. ముందు బెంచీ అమ్మాయి ఓసారి మెల్లగా అంది, "ఇంతకుముందు మాస్టారు కూడా ఇలాగే తీసి చూసేవారు మేడమ్."

ఆ మాస్టారు ఏడాది నిండకుండానే మానేశాడు. ఎందుకని అడిగితే స్టాఫ్‌రూమ్‌లో అందరూ టీ కప్పుల్లోకి చూశారు. బల్ల సొరుగులో అతను సగం అరగదీసిన సుద్దముక్కలు ఇంకా ఉన్నాయి.

ఆమె గొంతు రోజురోజుకీ సన్నగిల్లింది. "వినబడట్లేదు మేడమ్" అనడం కూడా వెనక బెంచీలు మానేశాయి. ఇక తనూ ఆ మాస్టారిలా ఉద్యోగం మానేయడమే. ఇంట్లో చెప్పడం ఒక్కటే మిగిలింది.

ఆ మధ్యాహ్నం నీడ మళ్లీ వచ్చింది. ఈసారి పాఠం ఆపకుండానే తలుపు దగ్గరికి జరిగి, ఒక్కసారిగా లాగింది. ఎదురుగా పెద్ద మేడమ్, విభాగంలో అందరికంటే సీనియరు, దొంగలా దొరికిపోయి నిలబడింది.

"ఇన్నాళ్లూ మీరేనా? ప్రాణం తోడేశారు కదండీ!"

"ఇన్నాళ్లూ ఏమిటమ్మా? నేను రావడం ఇదే మొదలు. నీ గొంతు స్టాఫ్‌రూమ్‌దాకా వినబడేది. ఈమధ్య వినబడటం లేదు. భయమేసి వచ్చాను."

"లోపలికి రావాల్సింది."

"ఎలా వస్తాను? నిన్ను తక్కువ చేసినట్టుండదూ?"

"మరి మొదటి రోజునుంచీ నుంచున్నదెవరు?"

పెద్ద మేడమ్ అద్దం వైపు చూసింది. అరచేత్తో దాన్ని తుడిచింది. "నీకు ముందున్న ఆ అబ్బాయీ ఇదే అడిగాడు."

"మీరేమన్నారు?"

"నీ భ్రమ, పని చూసుకో అన్నాను."

రాత్రి భోజనాల దగ్గర భర్త లేచి, వంటింటి తలుపు తనే బార్లా తీసి వచ్చి కూర్చున్నాడు. ఆమె వడ్డిస్తూ ఆగి, అద్దం మీద నీడ సంగతంతా చెప్పింది.

"ఉద్యోగం మానేద్దామనుకున్నాను. మానను. రేపట్నుంచి నా క్లాసు తలుపు తీసే ఉంటుంది. వెనకాల రెండు కుర్చీలు వేయిస్తున్నాను. ఒకటి పెద్ద మేడమ్‌కి, వస్తానంది."

"రెండోది?" అన్నాడు భర్త.

"బయట నిలబడేవాళ్లకి. ఎవరైనా సరే, లోపలికొచ్చి కూర్చుని వినాలి."

అత్తగారు కంచంలోంచి తలెత్తింది. "రెండోది కాస్త గట్టిది వేయించు. పాపం, ఎన్నాళ్లనుంచి నుంచున్నాడో."