నేల మీద నిలబడి చదవాలి

మా అన్న బారిక్‌ను చేతులు వెనక్కి విరిచి కట్టి ఊరి ద్వారం దగ్గర నిలబెట్టారు. పక్కనే కంచరగాడిద, దాని మీద బార్లీ బస్తాలు. కరువు ఏడాది, ధాన్యం ఊరు దాటకూడదని శాసనం. దాటిస్తే శిక్ష చలువరాతి గనులే. అక్కడికి వెళ్లినవాడు తిరిగొచ్చింది లేదు. మా అన్న వ్యాపారానికి పోలేదు. పక్క ఊళ్లో మిడతలు పంటంతా ఊడ్చేస్తే, అక్కడున్న బాలింత కూతురికి తిండి పట్టుకెళ్తున్నాడు.

శాసనమంటే సున్నం పూసిన బల్ల మీద నల్లగా రాసి, నేల మీద నిలబడ్డవాడు చదవగలిగేలా పెట్టాలి. లేకపోతే చెల్లదు. ఇది రోము పెట్టిన నియమమే. ఎవరైనా పీకేస్తారని భయపడి మా ఊరి గుమాస్తా మహాశయుడు దాన్ని ద్వారం నెత్తిన కొట్టించాడు. మొన్నటి వానకు అక్షరాలన్నీ కొట్టుకుపోయాయి. పొద్దున అది చూసి కూడా నేను నోరు మెదపలేదు. చెబితే ఆ గుమాస్తా క్షణంలో మళ్లీ రాసేసి, మొదటినుంచీ ఉందనేవాడు.

కార్తేజి నగరం నుంచి వచ్చిన న్యాయాధికారి మాకెర్ విచారణకు కూర్చున్నాడు. శాసనం సంగతి తెలియదన్నాడు అన్న.

"అంత బల్ల కనపడలేదా? కళ్లు గాడిదకు అరువిచ్చావా?" అన్నాడు మాకెర్. జనం నవ్వారు. నాకు ఒళ్లు మండింది. ముందుకెళ్లాను.

"దొరా, మాకు చదువు రాదు. తమరే కింద నిలబడి చదివి వినిపిస్తే మా అన్న తప్పేంటో మాకూ తెలుస్తుంది."

గుమాస్తా ముఖం పాలిపోయింది. మాకెర్ లేచొచ్చి తలెత్తి చూశాడు. ఇంతమందిలో అక్షరాలు కనపడటం లేదని ఎలా అంటాడు? తాను చెప్పి రాయించిందే కాబట్టి తడుముకోకుండా మొదటినుంచి చివరిదాకా చదివేశాడు.

"ఇప్పుడు ఆ బల్ల దింపించండి దొరా."

సిపాయి నిచ్చెన వేసి దింపాడు. తెల్లటి బల్ల, బూడిదరంగు చారలు. ఈసారి ఎవరూ నవ్వలేదు. నన్ను కూడా గనులకు పంపడానికి ఆయనకు ఒక్క మాట చాలు.

మాకెర్ బల్లను వేలితో రుద్ది చూశాడు. "రాత లేదు కాబట్టి వీడు చేసింది తప్పు కాదు. వాణ్ణి విప్పండి," అన్నాడు. తర్వాత నావైపు తిరిగాడు. "అధికారి నోటితో చదివి వినిపించినా శాసనం చాటినట్టే. ఇప్పుడు నేను చదివాను, ఊరంతా విన్నది. నువ్వే అడిగావు. ఈ క్షణం నుంచి శాసనం అమల్లో ఉంది."

కట్లు విప్పగానే అన్నను కౌగిలించుకున్నాను. అతను కదల్లేదు. సిపాయిలు కంచరగాడిద మీది బస్తాలు దించుతుంటే చూస్తూ, "పిల్లకిప్పుడు ఏం పెట్టాలే, చెల్లీ?" అన్నాడు.