ఇంటిపని చేసుకొనుచున్నందున

సంగటి కెలికేటప్పుడు తపేలాను రెండు పాదాల నడుమ బిగించిపెట్టడం యశోద ఈ ఏడాదిలోనే నేర్చుకుంది. పాదాలకు గోనెపట్టా చుట్టుకోవాలి, లేకపోతే కాలుతుంది. తెడ్డు ఎడంచేతిలో ఉంటుంది. కుడిచెయ్యి పట్టుకోలేదు కాబట్టి ఆ ముంజేతిని తెడ్డు మీద ఆనించి, ఒంట్లో ఉన్న బరువంతా దాని మీదికి తోసి, ఆవిరికి మొహం పక్కకు తిప్పుకుని కెలకాలి.

"ఇంగా గడ్డలు గడ్డలుగానే ఉండాది సూడు," అంది వసారాలో కూర్చున్న అత్త సిద్ధమ్మ. "సంగటి కెలికేదానికి బలం కావల్నా? మనసు కావాల."

యశోద తెడ్డు మీదికి ఇంకొంచెం వంగింది. పద్దెనిమిదేళ్ళ కాపురంలో ఆ మాటకు చెప్పని బదుళ్ళు ఎన్ని ఉన్నాయో ఆమెకే తెలియదు.

ఆ పొద్దు పోస్టులో గోధుమరంగు కవరు వచ్చింది. పదో తరగతి చదివే కూతురు జాహ్నవి దాన్ని చింపి, గడపలో నిలబడి గట్టిగా చదివింది. "సదరు కార్మికురాలు వంట, అంట్లు, నీళ్ళు తెచ్చుట, పశువుల పని మొదలగు ఇంటిపనులన్నియు స్వయముగా చేసుకొనుచున్నందున, విచారణకు వెళ్ళిన అధికారికి స్వయముగా కాఫీ కాచి ఇచ్చినందున, ఆమె కుడిచేయి పూర్తిగా నయమైనట్లు భావించి నష్టపరిహారపు క్లెయిము ముగించడమైనది. అభ్యంతరమున్నచో అరువది దినములలో అప్పీలు చేసుకొనవచ్చును."

"ముగించడమైనది అంటే?" అంది యశోద.

"మూసేసినారమ్మా. ఇంగ రాదు."

ఆ కాఫీ ఆమెకు బాగా గుర్తుంది. రెండు నెలల క్రితం, 1998 ఆగస్టులో, పరిహారం ఆఫీసు నుంచి ఇన్‌స్పెక్టరు వచ్చినప్పుడు సిద్ధమ్మ లోపలికి కేకేసింది, "మే, సారుకు కాఫీ తీసకరా." యశోద గ్లాసును గుండెకు అదుముకుని, రెండు ముంజేతుల నడుమ మోసుకొచ్చింది. జాకెట్టు మీద ఒలికిన కాఫీని పైటతో కప్పుకుంది. ఇంట్లో పనులు ఎవరు చేస్తారని ఆయన అడిగాడు. "ఇంగెవురు సామీ, మా కోడలే. మా ఇంట్లో మొగోళ్ళు పొయ్యికాడికి పోయే అలవాటు లేదు," అంది అత్త మురిసిపోతూ. భర్త ధనంజయ దానికి ఇంకో మాట కలిపాడు. "చెయ్యి బాగయిపాయ సార్. అన్నీ చేసుకుంటాది." ఇన్‌స్పెక్టరు కాఫీ బాగుందని కూడా అన్నాడు.

ధనంజయకు భార్య మీద పగేమీ లేదు. ఆ సంగతి యశోదకు తెలుసు. పెళ్ళాం చెయ్యి పడిపోతే ఇంట్లో అంట్లు ఎవరు తోముతున్నారని ఊరు అడుగుతుందనే అతని భయం. కాగితం సంగతి చెబితే మీసం దువ్వుకుని, "పోతే పోనీ. ఆఫీసు మెట్లెక్కేదానికి మన ఇంటి ఆడోళ్ళు పుట్నారా?" అన్నాడు.

మెట్లెక్కడానికి పుట్టలేదు సరే. తొమ్మిదేళ్ళ క్రితం బోరు ఎండి, చెరకు మాడిపోయినప్పుడు ఆమెను ఫ్యాక్టరీకి పంపింది ఎవరు? అప్పుడూ ఇదే మనిషి, ఇదే వసారా. "సీజన్ మూడు నెలలే కదా. తల వంచుకోని పొయ్యి తల వంచుకోని రా," అన్నాడు.

ఆమె తల వంచుకునే వెళ్ళింది. పూతలపట్టు దాటాక రోడ్డు పక్కన ఉన్న మామిడి గుజ్జు ఫ్యాక్టరీ అది. మొదటి రోజు ఆ వాసనకు కళ్ళు తిరిగాయి. షెడ్డు పొడుగునా వరిగడ్డి పరిచి, దాని మీద మాగేసిన తోతాపురి కాయలు. బయట లారీల వరస, తొట్టిలో తేలే పండ్లు, బల్లకు రెండు వైపులా నలభై మంది ఆడవాళ్ళు. సొన తగిలి చేతులు పొక్కేవి. కొబ్బరినూనె పూసుకుని మళ్ళీ కత్తి పట్టేవాళ్ళు. పండును ఎడమ అరచేతిలో పెట్టి, కుడిచేత్తో తొడిమ కోసి, మచ్చ గీకి, బెల్టు మీదికి విసరాలి. రెండో సీజన్‌కే యశోద చెయ్యి చూడ్డానికి కొత్తవాళ్ళను ఆమె పక్కన నిలబెట్టేవాళ్ళు. "దాని చేతిలో పండు యాడ తిరిగిందో కత్తికి కూడా తెలీదు," అనేది ఎదురు వరసలో నిలబడే మునెమ్మ. ఆ మాట విన్న రోజు బస్సులో ఇంటికొస్తూ యశోద తన కుడిచేతిని ఒళ్ళో పెట్టుకుని చూసుకుంది. పసుపు మరకలు, పగిలిన గోళ్ళు. అది తన చెయ్యి అని అంతకుముందు ఎప్పుడూ అనుకోలేదు. మెట్టింటికి తెచ్చిన సామాన్లలో అదీ ఒకటి అన్నట్టుండేది.

అన్నిటికంటే ఆమెకు గుర్తొచ్చేది ఒంటిగంట కూత. కూత పడగానే నలభై మందీ గోడనీడలో కాళ్ళు చాపుకుని కూర్చునేవాళ్ళు. మునెమ్మ తెచ్చిన ఊరిమిండి పచ్చడి, నగరి నుంచి కోడలుగా వచ్చిన పిల్ల తెచ్చిన పులిసోరు, యశోద సంగటి ముద్ద, అన్నీ చేతులు మారేవి. ఎవరికీ వడ్డించక్కర్లేదు. ఎవరైనా లేచి మంచినీళ్ళు అడుగుతారేమోనని చెవి అటు పెట్టుకుని తినక్కర్లేదు. పెళ్ళయ్యాక ఆకలైన పొద్దుకు కూర్చుని తిన్నది అక్కడే. ఒకరు పాడితే ఇంకొకరు అందుకునేవాళ్ళు. మేస్త్రీ మొగుడి మాదిరి గదమాయిస్తే, వాడు అటు తిరగ్గానే మునెమ్మ వాడి నడక నడిచి చూపించేది. కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వేవాళ్ళు. ఇంట్లో అంత గట్టిగా నవ్వినట్టు యశోదకు గుర్తు లేదు.

తొమ్మిదో సీజన్‌లో, 97 జూన్‌లో, బెల్టు కింది రోలరులో గోనెపట్టా చుట్టుకుంది. ఆపమని అరుస్తూనే ఆమె దాన్ని లాగబోయింది. బెల్టు ఆపేలోపల రోలరు చేతిని మణికట్టు దాకా తీసుకుపోయింది. ఆసుపత్రిలో నరాలు కలిపి కుట్టారు. వేళ్ళు అయిదూ మిగిలాయి. చూస్తే ఏమీ కాని చెయ్యిలాగే ఉంటుంది. కానీ వేళ్ళు ముడుచుకోవు, పట్టు లేదు. చెయ్యి తెగిపోయి ఉంటే ఎవరైనా నమ్మేవాళ్ళేమో అనుకుంది చాలాసార్లు.

అరవై రోజుల్లో నలభై అట్లాగే పోయాయి. నలభై ఒకటో రోజు పొద్దున్నే సంగటి దించి, అత్తకు ఆమె తినే తట్టలో పెట్టి, "చిత్తూరికి పోయొస్తా అత్తా," అని చెప్పి బయల్దేరింది. అడగడం కాదు, చెప్పడం. సిద్ధమ్మ నోరు తెరిచేలోపల ఆమె వీధిలో ఉంది.

కోర్టు వీధిలో పెరుందేవమ్మ టైపు సెంటరు ఉంది. గుడి కైంకర్యంలో ఉన్న భర్త పోయాక ఆమె తెచ్చుకున్న బతుకు ఆ మిషనే. యశోద చెప్పిందంతా విని, కళ్ళద్దాలు తుడుచుకుని, "కాఫీ కూడా రాశాడా? తాగినవాడు రాయాల్సింది అదేనా!" అంది. అప్పీలు టైపు చేసి, కింద వేలు పెట్టి చూపింది. "ఇక్కడ సంతకం పెట్టమ్మా."

యశోద ఎడంచేత్తో పెట్టింది. జాహ్నవి పాత నాలుగుగీతల పుస్తకంలో తను ఆరు నెలలు దిద్ది నేర్చుకున్న సంతకం అది. పాత సంతకం వేరే. చిన్నప్పుడు నాయన పలక మీద నేర్పింది. 'య'కు తోక పెట్టి దాన్ని పేరు మొత్తం కింద లాగేది. "ఆడబిడ్డ నిశానీ ఏస్తే నాకు తలకాయ ఎత్తుకునేదానికి ఉండదు," అనేవాడు నాయన. ఫ్యాక్టరీ రిజిస్టరులో ప్రతి సీజన్ ఆ తోక సంతకమే. ఆయన లేడు. ఆయన నేర్పిన సంతకమూ పోయింది. మునుపు చెయ్యి పోయిందని ఏడ్చిన ఏడుపు వేరు, ఆ టైపు సెంటరు బల్ల ముందు వచ్చిన దుఃఖం వేరు.

అప్పీళ్ళు తీసుకునే జిల్లా ఆఫీసులో గుమాస్తా కాగితాన్ని తిప్పి తిప్పి చూసి, "సంతకం పాతదాంతో కలవడం లేదే," అని ఎర్రసిరాతో ఒక మూల రాసుకున్నాడు. తోసెయ్యలేదు, తీసుకున్నాడు. ఫిబ్రవరిలో విచారణ అని నోటీసు వచ్చింది. రిపోర్టులో అతని మాట కూడా రాసి ఉంది కాబట్టి ధనంజయను కూడా రమ్మన్నారు.

ఆ రోజు అతను ఇస్త్రీ చొక్కా వేసుకుని బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాడు. తోటలన్నీ పూతతో తెల్లగా ఉన్నాయి. మూసి ఉన్న ఫ్యాక్టరీ గేటు వెనక్కి పోతుంటే యశోద మెడ తిప్పి కనుమరుగయ్యేదాకా చూసింది. "ఆడేముందని సూస్తావు? ఆడనే కదా చెయ్యి పోగొట్టుకునింది," అన్నాడతను. పోగొట్టుకుంది అక్కడే. కానీ దొరికింది కూడా అక్కడే.

అప్పీలు విచారించే అధికారి యాభై ఏళ్ళ మనిషి. ముందు ధనంజయను అడిగాడు.

"మీ భార్య చెయ్యి బాగైందని మీరే చెప్పినట్టు ఉంది ఇందులో. నిజమేనా?"

"సెప్పినాను సార్."

"బాగైందని మీకెలా తెలిసింది?"

"ఇంట్లో పన్లన్నీ జరగతానే ఉండాయి కద సార్. యాడా ఆగలేదు."

"ఆ పనులు ఆమె ఎలా చేస్తోందో చూశారా?"

ధనంజయ ఇబ్బందిగా నవ్వాడు. "ఇంటిపనేముంది సార్. ఆడోళ్ళు చేసుకునేదే. దాన్నెవురు సూస్తారు?"

అధికారి పెన్ను ఎత్తి ఆ మాట రాసుకున్నాడు. తర్వాత ఆమె వైపు తిరిగాడు. బస్సులో కూర్చుని కూడబెట్టుకున్న మాటలేవీ యశోదకు గుర్తు రాలేదు. వేరేవి వచ్చాయి.

"బోరింగు ఎడంచేత్తో కొడతా సార్. బిందెను మోకాలి మీదికి దొర్లించి చంకన ఎత్తుకుంటా. గుడ్డలు పిండలేను, గుంజకు చుట్టి మెలి తిప్పుతా. డబ్బా మూతలు పండ్లతో తీస్తా. ముందరి పన్ను పగిలినాది. చీర కుచ్చిళ్ళు నా బిడ్డ పెట్టి బడికి పోతాది. గంటలో అయ్యే వంట ఇప్పుడు మూడు గంటలు పడతాది. అది ఎవురికీ కనపడలా. ఎందుకంటే, మునుపటి మాదిరే పొద్దునకంతా సంగటి తట్టలో పడతా ఉండాది." ధనంజయ వైపు ఒకసారి చూసి, మళ్ళీ అందుకుంది. "పద్దెనిమిదేండ్లు విన్నాను సార్, ఇంట్లో నువ్వు చేసే పనేముందని. మా అత్త అనింది, ఈయన అన్నాడు. పనికాదేమోలే అని నేనూ అనుకున్నా. మొట్టమొదటిసారి దాన్ని పని అని రాసింది మీ కాగితమే. అదీ నాకొచ్చేది ఆపేదానికి. ఏదో ఒకటి తేల్చండి. అది పనైతే ఈయన ఒప్పుకోవాల. పని కాకపోతే దాన్ని సూపించి నా ఫైలు మూయకూడదు."

ధనంజయ తన చెప్పుల వైపు చూసుకుంటున్నాడు.

అధికారి కాసేపు ఫైలు తిరగేశాడు. ఎర్రసిరా రాత దగ్గర ఆగాడు. "ఈ రెండు సంతకాలూ నీవేనా?"

"నావే సార్. అది ఈ చెయ్యిది. ఇది ఈ చెయ్యిది."

ఆయన తన పెన్నును ఆమె కుడి అరచేతిలో పెట్టాడు. యశోద మూయాలని చూసింది. చెవుల దాకా నెత్తురు ఎక్కింది, మెడనరాలు తేలాయి, వేళ్ళు మాత్రం విననట్టే ఉండిపోయాయి. పెన్ను దొర్లి నేల మీద పడింది. దాన్ని తీసివ్వడానికి ధనంజయ వంగాడు. వంగినవాడు లేచేటప్పుడు ఆ చేతిని దగ్గర్నుంచి, చాలాసేపు చూశాడు. ఏడాదిన్నరలో అతను దాన్ని చూడడం అదే మొదలు.

మార్చిలో ఉత్తర్వు వచ్చింది. క్లెయిము మూయడం చెల్లదన్నారు. ఆమెను మళ్ళీ డాక్టర్ల దగ్గరికి పంపారు. పట్టు తిరిగి రాదని వాళ్ళు రాసిచ్చారు. పరిహారం మంజూరైంది. జాహ్నవి ఈ కాగితాన్ని మూడుసార్లు చదివింది, మూడోసారి పాటలాగా. సిద్ధమ్మ విని, "ఏమోనమ్మా, ఆఫీసుల్లో అట్ల మాట్లాడే ఆడదాన్ని నేను యాడా సూళ్ళేదు," అంది. తిట్టో మెప్పో ఆమెకే తెలియాలి. ధనంజయ మాత్రం మరుసటి రోజు నుంచి బోరింగు దగ్గర బిందె ఎత్తి పెట్టడానికి వచ్చేవాడు, ఎవరూ లేని సమయం చూసుకుని.

మే నెల చివర్లో మునెమ్మ వచ్చింది. చీరంతా మాగిన మామిడి వాసన. సీజన్ మొదలైందట. "బల్ల మొగదాల నిలబడి కుళ్ళినవి ఏరి పారేసే పని ఉండాది మే. దానికి కండ్లు కావాల, ఒక చెయ్యి సాలు. నీ కంటే కాయ తెలిసినోళ్ళు ఎవురుండారు? మేస్త్రీ పిలుసుకోని రమ్మన్నాడు," అంది.

యశోద ఆ వాసన లోపలికి పీల్చుకుంది. వసారాలో ఉన్న ధనంజయ కోపంగా కాదు, నిజంగానే అర్థం కాక అడిగాడు. "పరిహారం వచ్చె కదా. ఇంగ పనికి పోవల్సిన కర్మ ఏముండాది నీకు?"

"పరిహారం పోయిన చేతికి మామా," అంది యశోద. "పని నాకు."